చెట్టుకు కట్టిన చెప్పులు

డెట్రాయిట్‌కి వొచ్చిన మూడోరోజున నాకు అందిన మొదటి సలహా, "ఎయిట్ మైల్ రోడ్డు దాటి అవతలికి పోవద్దండీ, అంతా నల్లోళ్ళు" అని. చెప్పినాయన తెలుగాయనే. అదే అపార్ట్‌మెంట్లలో నాకంటే రెండేళ్ళ ముందు దిగాడు. మంచివాడే. ఉప్మా చేసిపెట్టాడు. కారు లేని నన్ను కొట్టుకి తీసుకెళ్ళి బియ్యం, కందిపప్పు కొనిపెట్టాడు. తిరిగొచ్చేటప్పుడు కార్లో అడిగాడు: "మీ ఇంటిపేరు ఎప్పుడూ విన్లేదే. ఒంగోలు టౌనేనా, పక్కన పల్లెలా? ఊళ్ళో ఎటువైపు? మనోళ్ళేనా?"

"వ్యవసాయం" అన్నాను. అడిగినదానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

అది 2004. ఎయిట్ మైల్ రోడ్డు డెట్రాయిట్ నగరానికి ఉత్తరపు పొలిమేర. దానికి దక్షిణంగా ఉన్నది నగరం, ఎక్కువమంది నల్లజాతి వాళ్ళు. ఉత్తరంగా ఉన్నవి చెట్లు, పచ్చికలు, మంచి బడులున్న సబర్బులు. మావాళ్ళంతా, అంటే తెలుగువాళ్ళంతా, ఉండేది అటు. నాకా లెక్క అర్థం కావటానికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మా ఊళ్ళోనూ రోడ్డుంది. ఇవతల ఊరు, అవతల మాదిగపల్లె. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను ఊరివైపు అద్దెకి దిగాను.

ఊరివైపు అద్దెకుండటమంటే నోరు కట్టేసుకోవటం. నన్ను పిలిచి భోజనం పెట్టేవాళ్ళు. పిల్లల పుట్టినరోజులకీ, సత్యనారాయణ వ్రతాలకీ పిలిచేవాళ్ళు. ఒకేడు సంక్రాంతి సంబరాలకి స్కూలు ఆడిటోరియం అద్దెకి తీసుకుని స్టేజీ మీద 'పల్లెటూరి దృశ్యం' పెట్టారు. హరిదాసు, గంగిరెద్దు, కుండలు చేసే ఆయన, అట్ట మీద రంగేసి చేసిన డప్పు పట్టుకుని ఒక డాక్టరుగారబ్బాయి. రిహార్సల్లో ఒకాయన తెగ బాధపడ్డాడు, "నిజం డప్పు వాయించేవాళ్ళు ఈ దేశంలో ఎక్కడ దొరుకుతారండీ, క్యాసెట్టు పెడదాం" అని. నేను ఆయన పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాను. పదేళ్ళప్పుడు మా నాయన నా చేతికి చిర్రా చిటికెన పుల్లా ఇచ్చి నేర్పాడు. మంటదగ్గర డప్పు ఎంతసేపు కాగితే ఏ మోత పలుకుద్దో నాకు తెలుసు. నేను కుర్చీలు సర్దటానికి లేచాను.

అమెరికా అనే మాట మా పల్లెకి కొత్తదేం కాదు. 1878 జులైలో క్లౌ దొర అనే అమెరికా బాప్టిస్టు మిషనరీ గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మాలు జరిపించాడు. అందులో ఎక్కువమంది మాదిగలు. అంతకుముందు కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వే పని గుత్తకి తీసుకుని మావాళ్ళకి కూలి చూపించిందీ ఆయనే. ఆ బాప్తిస్మాలయిన నూట పాతికేళ్ళకి నేను ఇక్కడికి వొచ్చి, కారు విడిభాగాలు చేసే కంపెనీలో ఫిక్స్చర్లు డిజైన్ చేసే పనిలో చేరాను. మిషను మీద ఇనప ముక్కని కదలకుండా పట్టి ఉంచేదాన్ని ఫిక్స్చర్ అంటారు. మా తాత ఆ పని కాలి బొటనవేలితో చేసేవాడు.

తాత చెప్పులు కుట్టేవాడు. తోలు సున్నప్నీళ్ళలో నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్కతో ఊరేసి, ఆరేసి, కోసి, కుట్టి, ఆసామి కాలికి తొడిగి చూసేదాకా అన్నీ ఆయనే. కూలి డబ్బుల్లో ఇవ్వరు. కళ్ళం రోజున మేర కింద గింజలు కొలుస్తారు, కొలిచే చెయ్యి వాళ్ళది. కిర్రుచెప్పులు కావాలనే షోకిలా ఆసాములకి అడుగడుక్కీ కిర్రుమనేట్టు కుట్టటంలో తాతని మించినోడు చుట్టుపక్కల లేడని మా నాయనమ్మ చెప్పుకునేది. ఆయన మాత్రం ఊళ్ళోకి పోయేటప్పుడు తన చెప్పులు విప్పి చంకన పెట్టుకునేవాడు. నాయన ఆ వెట్టి మానుకుని ఒంగోలు బస్టాండు పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చుని, అరిగిన మడమలకి ముక్కలేసి నన్ను ఇంజనీరింగు చదివించాడు. నేను విమానం ఎక్కేటప్పుడు తాత ఆరె నా సూట్‌కేసులో పెట్టాడు. ఎందుకు నాయనా అంటే "ఉండనీరా, తిండేమన్నా అడుగుద్దా" అన్నాడు. దాని పిడి తాత అరచేతి వొంపుకి అరిగి నున్నబడి ఉంటది. ఇక్కడ ఒకసారి ఎవరో చూసి ఏంటిదని అడిగితే, స్క్రూడ్రైవరు విరిగిందన్నాను.

ఇక బొమ్మల సంగతి. 2009లో జి.ఎం., క్రైస్లర్ దివాలా తీసినప్పుడు మా షాపులో పని ఆగిపోయింది. నన్ను ఇంట్లో కూర్చోబెట్టారు. మా ఆవిడ నర్సు, ఆమె ఉద్యోగం మీద ఇల్లు గడిచింది. ఆమె నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటే అలికిడి చెయ్యకుండా ఉండటానికి నేను బయటికి పోయేవాణ్ణి. అట్లా ఒక మధ్యాహ్నం, ఎవరికీ చెప్పకుండా, ఎయిట్ మైల్ దాటి, వుడ్‌వర్డ్ ఎవెన్యూ పట్టుకుని డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్‌కి వెళ్ళాను. లోపల నడిమి హాల్లో నాలుగు గోడల మీదా డీగో రివేరా వేసిన బొమ్మలున్నాయి. 27 పలకలు. మెక్సికో నుంచి వొచ్చి 1932లో మొదలుపెట్టి 1933 మార్చికి పూర్తిచేశాడు. తడి సున్నం మీద వేసే బొమ్మలు. సున్నం ఆరేలోపల ఆ రోజు ముక్క పూర్తవ్వాలి. ఫోర్డు కంపెనీ రూజ్ ఫ్యాక్టరీ తిరిగి చూసి వేశాడు. డబ్బిచ్చింది హెన్రీ ఫోర్డు కొడుకు ఎడ్సెల్ ఫోర్డు. అదే 1932 మార్చి 7న అదే ఫ్యాక్టరీ గేటుకి పని కావాలని ఊరేగింపుగా పోయిన నిరుద్యోగుల మీద కాల్పులు జరిపి మనుషుల్ని చంపారు. ఆ నెత్తురు ఆరకముందే ఎడ్సెల్ ఫోర్డు డబ్బుతో కమ్యూనిస్టు చిత్రకారుడు కార్మికుల బొమ్మ వేశాడు. ఇందులో తప్పొప్పులు తేల్చే ఓపిక ఉన్నవాళ్ళు తేల్చుకోవచ్చు. నాకు ఆ రోజు తల పైకెత్తి చూడటమే సరిపోయింది.

నేనెరిగిన గోడల మీది బొమ్మలన్నీ దేవుళ్ళవీ రాజులవీ. అవైనా బయట్నించి చూసినవే, లోపలికి రానిస్తేగదా. ఇక్కడ ఉత్తరపు గోడ నిండా ఇంజను బ్లాకులకి బెజ్జాలేసే మిషన్లు, వాటి మధ్య నడుములు వొంచి లాగేవాళ్ళు, నెట్టేవాళ్ళు, నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు. పనిచేసే వీపు గుళ్ళో దేవుడంత ఎత్తున ఉంది. ఏ మనిషి ఏ బరువు మీద ఎట్లా ఆనుకున్నాడో రివేరా పొరపాటు పడలేదు. అది నా పని, నాకు తెలుసు. ఎదురుగోడ మీద ఒక మూల మంచి బట్టలేసుకుని ఫ్యాక్టరీ చూడ్డానికి వొచ్చిన జనం గుంపుగా నిలబడి ఉంటారు. పనివాళ్ళని వింతగా చూస్తుంటారు. మా జాతర్లో డప్పు కొట్టేవాళ్ళని అరుగుల మీద నుంచి చూసే మొహాలే అవి. పైన మనిషి జాతులని నాలుగు పెద్ద ఆడరూపాలు పడుకుని ఉన్నాయి. ఎర్రజాతి చేతిలో ఇనప ఖనిజం, నల్లజాతికి బొగ్గు, తెల్లజాతికి సున్నపురాయి, పసుపుజాతికి ఇసక. మనకి వాటా ఏదని వెతికాను. పొరపాటున ఇంకొకటి వేసుంటే దాని చేతిలో తోలు పెట్టేవాడేమో.

తర్వాత వారం మా ఆవిణ్ణి తీసుకుపోయాను. ఆమెకి మిషన్లు పట్టలేదు. టీకా వేసే బొమ్మ దగ్గర నిలబడిపోయింది. బంగారు జుట్టు పసివాడు, పట్టుకున్న నర్సు, సూది వేస్తున్న డాక్టరు, వాళ్ళ ముందు ఒక గుర్రం, ఒక ఎద్దు, గొర్రెలు. బొమ్మ పశువుల కొట్టంలో పుట్టిన యేసుని తలపిస్తదని అప్పట్లో పాస్టర్లూ ఫాదర్లూ గొడవ చేశారు. మా ఆవిడ మూడు తరాల బాప్టిస్టు. ఆమెకి కోపం రాలేదు. "ఆ పశువు లేందే మందు లేదు గదా" అంది. కాసేపాగి, "దాన్ని మోసేవాళ్ళు లేందే పశువూ లేదు" అంది. చచ్చిన గొడ్డుని కావిడేసి మోసుకొచ్చింది వాళ్ళ తాత కూడా.

మర్నాడు పనిలోకి రమ్మని ఫోనొచ్చిందని రాస్తే బాగుండేది గానీ, ఏడు నెలలు పట్టింది.

షాపు తెరిచాక టూల్‌రూమ్‌లో గ్రైండింగ్ చేసే నల్ల పెద్దాయనకి ఈ బొమ్మల సంగతి చెప్పాను. నేను గీసింది ఆయన ఇనుముగా చేసేవాడు. నా డ్రాయింగుల్లో తప్పులు నలుగురిలో చెప్పకుండా పక్కకి పిలిచి చెప్పే మనిషి. "మ్యూజియం చూశావు, బాగుంది. మా వీధులు చూశావా?" అన్నాడు. 2010 వేసవిలో ఒక శనివారం తన ట్రక్కులో తిప్పాడు.

ముందు ఎయిట్ మైల్ పక్కనే ఒక గోడ దగ్గర ఆపాడు. ఆరడుగుల ఎత్తు, అర మైలు పొడుగు. 1941లో ఒక బిల్డరు కట్టించాడు. నల్లవాళ్ళ ఇళ్ళ పక్కన కట్టే ఇళ్ళ అప్పులకి ప్రభుత్వం హామీ ఇవ్వనంటే, మధ్యలో గోడ లేపి హామీ తెచ్చుకున్నాడు. 2006లో పార్కు వైపు ముక్క మీద ఆ పేటవాళ్ళు, ఆర్టిస్టులు కలిసి బొమ్మలేశారు. ఇళ్ళు, పిల్లలు, బస్సెక్కుతున్న రోజా పార్క్స్. పిల్లలు ఆ గోడకి బంతి కొట్టి ఆడుకుంటున్నారు. తమిళనాడు ఉత్తపురంలో దళితులకి అడ్డంగా 1989లో కట్టిన గోడలో కొంత ముక్కని 2008 మేలో పడగొట్టారు. ఆ సంగతి పెద్దాయనకి చెప్పాను. "పడగొట్టారా? మేం రంగేశాం" అని నవ్వాడు. ఏది మేలో నేను చెప్పలేకపోయాను.

అక్కణ్ణించి నగరానికి తూర్పు వైపు హైడెల్‌బర్గ్ వీధికి. టైరీ గైటన్ అనే నల్లజాతి చిత్రకారుడు పెరిగిన వీధి. 1967 తిరుగుబాటు తర్వాత ఫ్యాక్టరీలు పోయి, తెల్లవాళ్ళు పోయి, ఇళ్ళు పాడుబడి పోతుంటే 1986లో తాతతో కలిసి ఆ వీధి ఊడ్చి, ఊడ్పులో దొరికిన చెత్తతోనే బొమ్మలు కట్టటం మొదలుపెట్టాడు. తాత పేరు సామ్ మెకీ, ముసలితనంలో బ్రష్షు పట్టాడు. ఒక ఇంటి నిండా రంగురంగుల చుక్కలు. ఒక ఇంటికి గ్రామఫోను రికార్డులు మేకులతో కొట్టి ఉన్నాయి. ఖాళీ స్థలాల్లో పాత కార్లు, బొమ్మ పిల్లలు, వ్యాక్యూమ్ క్లీనర్లు. నగర ప్రభుత్వం 1991లో ఒకసారి, 1999లో ఒకసారి బుల్‌డోజర్లు పంపి కొంత పడగొట్టింది. మళ్ళీ కట్టాడు. ఇరుగుపొరుగులో అందరికీ ఇది ఇష్టమని కాదు. పక్కింటి ముసలావిడ మమ్మల్ని చూసి, "ఇంకో రెండు కార్లొచ్చాయి జూకి" అని లోపలికి పోయి తలుపేసుకుంది. రివేరా గోడ మీది మంచి బట్టల గుంపు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

అక్కడ ఒక చెట్టుంది. కొమ్మకొమ్మకీ బూట్లు, చెప్పులు, పిల్లల బూట్లు, మడమ జోళ్ళు లేసులతో ముడేసి వేలాడుతున్నాయి. నాకు మొదట తట్టింది దిష్టి. మన వైపు కట్టే ఇంటికీ, లారీకీ పాత చెప్పు కడతారు కదా, ఈ వీధికి తగిలిన దిష్టికి ఇన్ని కావాల్సొచ్చాయా అనుకున్నా. నవ్వుతూ అదే అన్నాను. పెద్దాయన నవ్వలేదు. గైటన్ తాత దక్షిణాదిలో పెరిగిన మనిషి. అక్కడ నల్లవాళ్ళని చెట్లకి ఉరేసి చంపటం చూశాడు. కింద నిలబడి పైకి చూస్తే మనిషి కనపడడు, బూటు అడుగులు కనపడతాయని మనవడికి చెప్పాడు. ఆ మాటే ఈ చెట్టు.

నేను తలెత్తి చూశాను. అన్నీ అడుగులే. అరిగిన అడుగులు. మడమ బయటివైపు అరిగినవి, బొటనవేలి కింద బెజ్జం పడినవి. నాయన పక్కన గోనెపట్టా మీద కూర్చున్న చిన్నతనమంతా నేను చూసింది మనుషుల మొహాలు కాదు, ఇవే. అడుగు చూసి నాయన చెప్పేవాడు, వీడు బరువు మోసే మనిషి, వీడు కుంటి మనిషి అని. రోడ్డు అంచున చతికిలబడి, ఆరేళ్ళుగా ఒక్క తెలుగువాడికీ చెప్పనిది ఆ పెద్దాయనకి చెప్పాను. తాత, తంగేడు చెక్క, చంకన చెప్పులు, సూట్‌కేసులో ఆరె.

"డబ్బులిచ్చేవాళ్ళా?" అని అడిగాడు.

"గింజలు. సంవత్సరానికొకసారి."

"కొలిచేదెవరు?"

"వాళ్ళే."

"అలబామాలో మా తాతకీ అంతే. పత్తి మా తాతది, తూకం వాళ్ళది" అన్నాడు. నేను పొంగిపోయి మనం మనం ఒకటే అన్నట్టు ఏదో అన్నాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "కాదు. నువ్వు రాత్రికి ఎయిట్ మైల్ అవతలికి వెళ్ళిపోతావు. అక్కడ పోలీసు నిన్ను ఆపడు."

చదువుకునే రోజుల్లో దళిత విద్యార్థుల మీటింగుల్లో నేనే చెప్పేవాణ్ణి. 1873లో ఫూలే తన గులాంగిరీని నల్లవాళ్ళ బానిసత్వం తీసేసిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడని, 1946లో అంబేడ్కర్ డుబోయిస్‌కి ఉత్తరం రాశాడని, బొంబాయి పాంథర్లు పేరెక్కణ్ణించి తెచ్చుకున్నారని. చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ రోజు రోడ్డు అంచున ఆ తేదీలేవీ నా నోటికి రాలేదు. ఆయన చెప్పింది నిజం. నేను ఊరివైపు కాపురం పెట్టి, వాడ బొమ్మలు చూసి కన్నీళ్ళు పెట్టుకుని పోయే మనిషిని. అయినా ఆ బొమ్మల దగ్గరే నా నోరు పెగిలింది. అదీ నిజమే.

ఆ శీతాకాలం మా అమ్మాయికి బళ్ళో ముత్తాతల నాటి వస్తువొకటి తెచ్చి దాని గురించి చెప్పమన్నారు. నాలుగో తరగతి. "తాతకి తాత ఏం చేసేవాడు నాన్నా, పొలమేగా?" అంది. నేను నేర్పిన అబద్ధమే. ఆరె తీసి చేతిలో పెట్టాను. చెప్పాల్సిందంతా చెప్పాను. అది శ్రద్ధగా విని, "మరి ఊళ్ళోవాళ్ళు ఆయన్ని చెప్పులేసుకోనివ్వకపోతే, ఆయన వాళ్ళకి కుట్టటం మానెయ్యొచ్చుగా?" అంది. దానికి అర్థమయ్యేట్టు చెప్పటానికి రాత్రి పదకొండయింది. మొనదేలిన వస్తువు బడికి తేకూడదన్నారు, అందుకని ఆరె బొమ్మ గీసి, కింద రాసుకుపోయింది. టీచరు దాన్ని వరండా గోడకి అంటించింది. అదే క్లాసులో ఇంకో తెలుగమ్మాయుంది.

రెండ్రోజులకి వాళ్ళమ్మ మా ఆవిడకి ఫోన్ చేసింది. చాలా మర్యాదగానే. "పిల్లలకి ఇప్పుడవన్నీ ఎందుకండీ చెప్పటం, ఇక్కడ కులం ఎక్కడుంది?" అని. ఆ నెల నుంచి వాళ్ళింట్లో భోజనాలకి పిలుపు రాలేదు. తర్వాత ఇంకో రెండిళ్ళ నుంచీ రాలేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసిందని చదివినప్పుడు నాకు ఆ ఫోనే గుర్తొచ్చింది.

మా ఆవిడ ఆ రాత్రి నామీద విరుచుకుపడింది. "నీకేం, బొమ్మలు చూసొచ్చి గుండె బరువు దించుకున్నావు. రేపు పిల్ల ఎవరితో ఆడుకోవాలి? పండగొస్తే ఎవరింటికి పోవాలి? నేను పదహారేళ్ళకి హాస్టల్లో నోరు మూసుకోవటం నేర్చుకున్నా, దానికదన్నా లేకుండా చేశావు." నా దగ్గర జవాబు లేదు. పిల్లని అడక్కుండా దాని నెత్తిన పెట్టిన మాట నిజమే. రెండ్రోజులు మాటల్లేవు. మూడోరోజు పొద్దున డ్యూటీ నుంచొచ్చి బూట్లు విప్పుకుంటూ, "ఆ కాయితం గోడ మీదనించి తియ్యమని మాత్రం అడగబాక" అంది. దారిలో బడి దగ్గర ఆగి చూసొచ్చిందంట.

2013లో డెట్రాయిట్ నగరమే దివాలా తీసింది. అప్పులవాళ్ళ కళ్ళు మ్యూజియం మీద పడ్డాయి. బొమ్మలకి వెలకట్టేవాళ్ళొచ్చారు. అంతకు ముందేడే మా మూడు కౌంటీల జనం మ్యూజియానికి ఆస్తిపన్ను కడతామని వోటేశారు, అప్పట్నుంచి మాకు టికెట్టు లేదు. ఇప్పుడు బొమ్మలమ్మాలా, పింఛన్లు కొయ్యాలా అని పేపర్ల నిండా అదే. చివరికి ఫౌండేషన్లూ, రాష్ట్ర ప్రభుత్వమూ, మ్యూజియమూ కలిసి 816 మిలియన్ డాలర్లు పోగేసే ఒప్పందం చేసుకుని 2014లో గండం గట్టెక్కించారు. అయినా మామూలు ఉద్యోగుల పింఛను నూటికి నాలుగున్నర కోసేశారు. పెద్దాయన వాళ్ళక్క నగరపాలక సంస్థలో రిటైరైన మనిషి. "అమ్మేస్తే మీ అక్కకి పూర్తిగా ఇచ్చేవాళ్ళేమో" అన్నాను. "అమ్మితే ఇస్తామని ఎవరన్నా కాయితం రాసిచ్చారా? పోయేది రెండూ పోయేవి" అన్నాడు.

హైడెల్‌బర్గ్ వీధికి గండం గట్టెక్కించేవాళ్ళు రాలేదు. 2013 మే నుంచి 2014 దాకా ఒకదాని తర్వాత ఒకటి ఇళ్ళు తగలబెట్టారు. రికార్డుల ఇల్లూ పోయింది. ఎవరు తగలబెట్టారో తేలలేదు. తగలబడ్డ ఇళ్ళు చూడ్డం మనకి కొత్తగాదు. గైటన్ కాలిన పునాదుల మీద మళ్ళీ వస్తువులు పేర్చాడు. తర్వాత 2016లో తనే, ముప్పై ఏళ్ళయింది, ఇక మెల్లగా ఇవి తీసేస్తాను అని ప్రకటించాడు.

2014 వేసవిలో మా అమ్మాయిని తీసుకుపోయాను. మా ఆవిడ కూడా వొచ్చింది, కారు దిగనని చెప్పి, దిగింది. బూడిద వాసన ఇంకా ఉంది. చెట్టుకి ఇంకా కొన్ని జోళ్ళున్నాయి. అక్కణ్ణించే నాయనకి ఫోన్ చేశాను. ఒంగోల్లో అప్పుడు తెల్లవారబోతోంది. గైటన్ తాత సంగతి చెప్పాను, ఉరి సంగతి చెప్పాను. అవతల చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు, తెగిపోయిందేమో అనుకున్నా.

"తోలువా, రబ్బరువా?" అన్నాడు.

"రెండూ ఉన్నాయి నాయనా."

"వాన పడుద్దిగా ఆడ?"

"వాన, మంచు, అన్నీ."

"తోలువి బిర్రబిగుసుకుపోయి పగిలిపోతయిరా. ఆముదం రాయమని చెప్పు ఆయనకి" అన్నాడు.